నాయన కేక

పొద్దున ఆరుకే షెడ్డులో ఐసు గుట్టలు.
వెనామీ తల తుంచితే చేతికంటే ఆ నారింజ జిగురు
నాకు కూలి, అక్కకు మంట.
పదకొండేళ్ళుగా ఒకే బల్ల ముందు నిలబడినోళ్ళం,
ఒకే అమ్మ పాలు తాగినోళ్ళం.
మొన్న యాభై కౌంటు లోడు దిగిన రోజు
చెంగమ్మక్క పెదాలు ఉబ్బి, కళ్ళు పూడుకుపోయి
గొంతులో ఈల పుట్టింది.
సూపర్వైజరు "నీళ్ళు తాగమ్మే" అన్నాడు.
నీళ్ళు దిగే సందు యాడుండాది ఆ గొంతులో?

మైపాడు రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడతా ఉంటే
అక్క తల నా ఒళ్ళో.
ఆమె ఊపిరి లెక్కపెట్టుకుంటా పోయినా
కిలోకు ఎన్ని రొయ్యలని లెక్కపెట్టినట్టు.

పొగతోటలో డాక్టరమ్మ సూది వేసింది, ఈల ఆగింది.
తర్వాతి వారం ఎవరో చదువుకునే పిల్ల
పరిశోధన అని చెప్పి ఇద్దరి నెత్తురూ
చెరో గొట్టంలో తీసుకుపోయింది.

నెలన్నరకి పిలిచి కూచోబెట్టింది.
ఒంట్లో కణానికీ కణానికీ నడుమ కబుర్లు నడుస్తాయంట.
దొంగొచ్చాడని ఒకటి అరిస్తే
ఇంకొకటి కర్ర తీసుకుని లేస్తాదంట.
ఆ కబురు పేరు ఇంటర్‌ల్యూకిన్ పదమూడు.
పేరు పక్కన అంకె, మా చెరువులకు ఉన్నట్టే.
ఆ కబురు రాసిపెట్టిన చోట
మీ అక్కకు ఒక్క అక్షరం మారిందమ్మా, అంది.

ఒక్క అక్షరమేనా అని నేను నవ్వలా.
మా నాయన పోలయ్య.
కార్డులో పాలయ్య అని పడింది.
ఓత్వం పోయి దీర్ఘం వచ్చిన పాపానికి
ఏడు నెలలు బియ్యం రాలా.
ఇందుకూరుపేట ఆఫీసులో గుమాస్తా ముందు
"నేనే సార్ పోలయ్యని" అని
తన పేరుకు తనే సాక్షి చెప్పుకున్నాడు.

నాయనది చెరువు కాపలా.
గట్టు మీద తాటాకు పాక, టార్చిలైటు, కొట్టడానికి ఒక రేకు డబ్బా.
నీటికాకి వాలినా, కొంగ వాలినా,
ఏరేటరు రెక్కకు గుడ్డపేలిక చిక్కి టపటపమన్నా
"ఎవరదీ!" అని కేక.
ఆ కేకకి మూడు చెరువుల అవతల కుక్కలు లేచేవి,
ఓనరు లేచేవాడు, లైట్లు వెలిగేవి,
తొక్కిళ్ళకి తెల్లారేసరికి గట్లు తెగి నీళ్ళన్నీ బురద.
ఒక్కసారి నిజంగానే దొంగలొచ్చారు వలలతో.
ఆ రాత్రి పంట నిలిచింది నాయన గొంతు వల్లనే.
మిగతా రాత్రులన్నీ కొంగలే.

ఆ అక్షరం ఎందుకుండాదో ఆ పిల్లా గట్టిగా చెప్పలేకపోయింది.
ఎప్పుడో ముత్తాతల కాలంలో, కడుపులో పురుగుల మీదికి
అంత కేక అవసరమై ఉండచ్చంట.
పురుగులు పోయినాయి. కాపలా మిగిలింది.

లేచి వస్తా గుమ్మం కాడ అడిగినా,
"మరి నా గొట్టంలో?"
కాగితం తిప్పింది, మళ్ళీ తిప్పింది.
"నీకూ అదే అక్షరం అక్కా.
ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు,
వచ్చే వీలు కాస్త ఎక్కువ, అంతే.
ఇంకా ఎన్నో అక్షరాలుంటాయి, గాలి ఉంటుంది, దుమ్ము ఉంటుంది,
మాకు తెలియనిది చాలా ఉంటుంది."
తెలియదని ఆమె చెప్పడం
ఎందుకో నాకు నచ్చింది.

అక్క ఇప్పుడు పొదలకూరు మండీలో నిమ్మకాయలు ఏరతా ఉండాది.
సగం కూలి, పూర్తి ఊపిరి.
పండగకి కూడా మా ఇంట్లో రొయ్య ఉడకదు.

నేను షెడ్డుకే పోతా ఉండా.
రెండు జతల గ్లౌజులు, మూతికి గుడ్డ.
ఐసులో చెయ్యి పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగుతా.
నా ఒంట్లో యాడో గట్టు మీద
పాకలో పడుకుని ఉండాడు నాయన,
టార్చి తల పక్కన పెట్టుకుని.
కొంగ వాలతాది.
వింటా.

ఇంకా కేక వెయ్యలా.
తల తుంచి, తర్వాతది అందుకుంటా.